గోడ దూకే కుక్కను ఇంటిపట్టున ఉంచడం: కొలతలతో సహా పూర్తి పద్ధతి

కుక్క గోడ దూకి వీధిన పడగానే మనవాళ్లు మొదట చేసే పని మేస్త్రీని పిలిచి గోడ మీద రెండు వరసలు ఇటుకలు పేర్పించడం. వారం తిరక్కుండా కుక్క ఆ ఎత్తు కూడా అందుకుంటుంది. ఇంకో రెండు వరసలు వేయిస్తారు, అదీ అందుకుంటుంది. ఇలా కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడమంటే దానికి దూకడంలో తర్ఫీదు ఇవ్వడమే. నాలుగడుగుల గోడ దాటలేని కుక్క ఈ లెక్కన ఆరడుగులు దాటడం నేర్చుకుంటుంది. అందుకే ఎత్తు పెంచాల్సి వస్తే ఒకేసారి, అది ఏ రకంగానూ దాటలేనంతగా పెంచాలి. అసలు చాలా ఇళ్లలో కుక్క పోయేది గోడ మీదుగా కూడా కాదు.

పని పూర్తయ్యేదాకా

బయటపడిన ప్రతిసారీ కుక్కకు ఏదో ఒకటి దక్కుతుంది: చెత్తకుండీలో ఎముక, పక్కవీధి కుక్కల సావాసం, తరమడానికి కోడి. ఆ రుచి మరిగితే ఆపడం రెట్టింపు కష్టం. కాబట్టి మెష్ కొనేలోపు, వెల్డరు దొరికేలోపు, కుక్కను పెరట్లో ఒంటరిగా వదలకండి. ఒకటికి, రెంటికి కూడా లీషు పట్టుకునే తీసుకెళ్లండి. మిగతా వేళ ఇంట్లోనే, గ్రిల్ తలుపున్న వరండాలో ఉంచండి.

మెడలో కాలరు, దాని బిళ్ల మీద రెండు ఫోన్ నంబర్లు ఈ రోజే పడాలి. కాలరుకి, మెడకి మధ్య రెండు వేళ్లు పట్టాలి. నాలుగు వేళ్లు పడితే వెనక్కి గుంజుకుని తల తీసేసుకుంటుంది. గ్రేహౌండ్ పోలికలున్న ముధోల్, చిప్పిపారై, రాజపాలయం జాతులకు మెడ కన్నా తల సన్నం. వాటికి మామూలు కాలరు నిలవదు, గుంజితే బిగిసే మార్టింగేల్ రకం తీసుకోవాలి. పశువైద్యుడి దగ్గర చర్మం కింద మైక్రోచిప్ కూడా వేయించండి. బియ్యపు గింజంత ఉంటుంది, 15 అంకెల నంబరు వస్తుంది, కాలరు ఊడిపోయినా ఆ నంబరు పోదు. అయితే ఆ నంబరు మీ పేరుతో నమోదైతేనే ప్రయోజనం. చిప్ వేయించి ఫారం నింపకుండా వచ్చేసేవాళ్లు చాలామంది.

ఎక్కడి నుంచి పోతోంది, ఎందుకు పోతోంది

పాత ఫోన్ ఒకటి కిటికీలో పెట్టి వీడియో ఆన్ చేయండి. పెరట్లో సందులన్నీ తాత్కాలికంగా మూసి, రోజూ వెళ్లినట్టే చెప్పులేసుకుని, బండి తీసి వెళ్లిపోండి. వీధి చివర ఒకరు లీషుతో సిద్ధంగా ఉండాలి. అరగంట వీడియోలో చాలావరకు తెలిసిపోతుంది.

వీడియో లేకపోయినా గుర్తులు దొరుకుతాయి. సున్నం వేసిన గోడ మీద రెండు మూడడుగుల ఎత్తున మట్టి పాదాల గీతలు కిందికి జారినట్టుంటే అది వెనక కాళ్లతో తన్నుకుంటూ ఎక్కుతోందన్నమాట. గేటు అడుగు చువ్వకు వెంట్రుకలు చిక్కుకుని ఉంటే కింద నుంచి దూరుతోంది. గోడ మూలన మట్టి ఒక పక్కకే ఎగజిమ్మి ఉంటే తవ్వుతోంది. ఏ గుర్తూ లేకపోతే మనుషులు గేటు తీసినప్పుడు కాళ్ల సందున దూసుకుపోతున్నట్టే.

ఇక ఎందుకన్నది. మీరు వెళ్లిన పావుగంటలోపే, ఒళ్లంతా వణుకుతూ, నోట చొంగ కారుస్తూ, తలుపులు గీరుతూ పారిపోతుంటే అది ఒంటరితనపు భయం. దాన్ని కంచెతో ఆపబోతే పళ్లు విరగ్గొట్టుకుంటుంది, గోళ్లు ఊడగొట్టుకుంటుంది. ఆ కుక్కకు ముందు పశువైద్యుడి సలహా, కొద్దికొద్దిగా ఒంటరిగా ఉండడం నేర్పడం అవసరం. కంచె సంగతి ఆ తర్వాత. టపాసులకు, ఉరుములకు మాత్రమే పారిపోయే కుక్క వేరు. ఆడకుక్క ఎదకొచ్చిన రోజుల్లోనే పోయే మగకుక్క వేరు. ఏ రోజైనా, ఏ వేళైనా పోయేది మాత్రం పొద్దుపోక పోతోంది. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ చివరి రకమే.

గోడ: ముందు మెట్లు తీసేయండి

ప్రహరీకి ఆనించి ఉన్న వాటిని ఒకసారి కుక్క కళ్లతో చూడండి. ఇసుక కుప్ప, సంపు మూత దిమ్మె, బట్టలుతికే బండ, పూలకుండీల వరస, ఏసీ బయటి యూనిట్, స్టాండు వేసిన స్కూటరు, జామచెట్టు కొమ్మ. గోడకు ఐదారడుగుల దూరంలో దానికి మెట్టుగా పనికొచ్చేది ఏదీ ఉండకూడదు. కదపలేని సంపు దిమ్మె లాంటివి ఉంటే ఆ చోట కంచె ఎత్తును గోడ అడుగు నుంచి కాకుండా ఆ దిమ్మె మీద నుంచి కొలవాలి. వీధి కన్నా ఇంటి నేల ఎత్తుగా ఉన్నచోటా ఇంతే: బయట నుంచి ఐదడుగులుండే గోడ లోపలి నుంచి మూడున్నరే ఉంటుంది.

ఐదడుగుల గోడను గాల్లోనే ఎగిరి దాటే కుక్కలు తక్కువ. ఎక్కువ వాటి పద్ధతి ఇది: ఎగిరి ముందు కాళ్లు గోడ అంచున వేస్తాయి, వెనక కాళ్లతో గరుకు గోడను తన్ని ఒంటిని పైకి లాగుతాయి. అంటే వాటికి కావాల్సింది పట్టు. ఆ పట్టు దొరక్కుండా చేస్తే ఎనిమిదడుగుల గోడ అక్కర్లేదు. అందుకే నిటారుగా పెంచడం కన్నా లోపలికి వంచిన జాలీ మేలు. కుక్క తలెత్తి చూస్తే నెత్తి మీద జాలీ అడ్డంగా కనిపిస్తుంది, ఎగిరినా అంచు అందదు.

దేశీ కుక్క, జర్మన్ షెపర్డ్, హస్కీ, పైన చెప్పిన వేట జాతులు అయితే నిటారు ఎత్తు ఆరున్నర అడుగులు, దాని పైన లోపలికి అడుగున్నర వంపు పెట్టండి. లాబ్రడార్, బీగిల్‌కు ఐదడుగులు, అదే వంపు చాలు. బీగిల్ ఎత్తు కన్నా నేల మీదే ఎక్కువ పని పెడుతుంది.

ఇప్పుడు సామాను లెక్క. 200 గజాల స్థలం, 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు అనుకుందాం. చుట్టుకొలత 172 అడుగులు. 12 అడుగుల గేటు తీసేస్తే 160. ఇప్పటికే ఐదడుగుల గోడ ఉంది. దాని మీద అడుగున్నర నిటారు జాలీ, పైన అడుగున్నర వంపు, మొత్తం మూడడుగుల వెడల్పు జాలీ కావాలి.

– ఎల్ యాంగిల్: 35 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం. ఒక్కో ముక్క నాలుగడుగులకు ఒకింత తక్కువ: అడుగు గోడకు బిగించడానికి, అడుగున్నర నిటారుగా, అడుగున్నర 45 డిగ్రీల వంపుతో. ఎనిమిదడుగులకొకటి చొప్పున, మూలలు, గేటు పక్కలు కలిపి 24 ముక్కలు. ఒక్కో 20 అడుగుల లెంగ్త్‌లో ఐదు ముక్కలొస్తాయి, ఐదు లెంగ్త్‌లు సరిపోతాయి.
– జాలీ: రెండంగుళాల కన్నుతో జీఐ (జింకు పూత వేసిన ఇనుము) వెల్డెడ్ మెష్ లేదా చైన్ లింక్ (తీగ అల్లిన జాలీ), 10 లేదా 12 గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 14 గేజి చవకగా వస్తుందని తెస్తే కొరికి సందు చేస్తుంది. చిన్న జాతులకు, కూనలకు అంగుళం కన్ను. 160 అడుగులకు 50 అడుగుల చుట్టలు మూడు, పైన పదడుగుల ముక్క ఒకటి.
– పైన, మధ్యలో, కింద సాగదీసి కట్టడానికి మూడు వరసల జీఐ లైన్ తీగ, ముడులకు జీఐ బైండింగ్ తీగ. కడ్డీలు కట్టే నల్ల బైండింగ్ తీగ వాడితే ఒక్క వానాకాలానికే తుప్పుపట్టి తెగుతుంది.

గోడ తొమ్మిదంగుళాలదైతే ఒక్కో యాంగిల్‌కు 10 మి.మీ. యాంకర్ బోల్టులు రెండు చాలు. మన ప్రహరీలు చాలావరకు నాలుగంగుళాల సిమెంటు ఇటుకవి. అందులో యాంకర్ బోల్టు బిగిస్తే ఇటుక పగులుతుంది, కుక్క రెండుసార్లు మెష్‌ను తన్నేసరికి బోల్టు ఊడి చేతికొస్తుంది. అలాంటి గోడకు ఇటు నుంచి అటు రంధ్రం వేసి 12 మి.మీ. బోల్టు దూర్చి, అవతల నాలుగంగుళాల ఇనుప ప్లేటు పెట్టి నట్టు బిగించాలి. పై అంచుకు నాలుగంగుళాల లోపు రంధ్రం వేయకండి. అవతల పొరుగువాళ్ల స్థలమైతే ముందే ఒక మాట చెప్పండి.

జాలీని యాంగిల్‌కు లోపలి వైపు, అంటే కుక్క వైపు కట్టాలి. అప్పుడు అది తోసేకొద్దీ జాలీ యాంగిల్‌కే ఆనుతుంది. బయటి వైపు కడితే తోసే ప్రతి తోపూ ముడుల మీదే పడుతుంది. జానెడుకొక ముడి, తీగ కొసలన్నీ బయటికి వంచాలి. గోడకు, జాలీకి మధ్య రెండంగుళాల సందు కూడా మిగలకూడదు. చాలాచోట్ల పని అంతా బాగా చేసి మూలల దగ్గర వదిలేస్తారు. వంపు జాలీలు రెండు మూలన సరిగ్గా కలవకపోతే అక్కడ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీకి విడిగా ఒక ముక్క కత్తిరించి కట్టించండి, కుక్కకు మొదట కనపడేది అదే.

వంపు జాలీ మీద షీటు గానీ షేడ్ నెట్ గానీ కప్పకండి, గాలి పట్టి యాంగిల్‌లను వంచేస్తుంది. తుపాను గాలుల జిల్లాల్లో ఇది మరీ ముఖ్యం. సముద్రం దగ్గరి ఊళ్లలో ఎర్ర ప్రైమరు వేసిన ఇనుము ఎక్కువ కాలం నిలవదు, యాంగిల్‌లు కూడా జీఐవే తీసుకోండి.

జాలీ ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి గోడ అంచున తిరిగే పైపు. మూడంగుళాల పీవీసీ పైపు లోపల అంగుళం పైపు, దాని లోపల 4 మి.మీ. స్టీలు తాడు, నాలుగైదు అడుగులకొక ఎల్ బ్రాకెట్. కుక్క కాళ్లు వేయగానే పైపు గిర్రున తిరిగి జారిపోతుంది. గోడ కనీసం ఐదడుగులుండాలి, లేకపోతే అది పైపును అంటకుండానే దాటేస్తుంది. లోపల దుమ్ము పేరుకుని పైపు తిరగడం ఆగితే కుక్కకు మంచి పట్టు అమరినట్టే, కాబట్టి నెలకోసారి చేత్తో తిప్పి చూడాలి.

గోడ కింద

కుక్క గోడ మొదట్లోనే తవ్వడానికి కారణం ఉంటుంది. ఎండాకాలంలో అక్కడ నేల చల్లన. లేదా అక్కడ పందికొక్కు బొరియ ఉంది. పందికొక్కులు పునాది కిందుగా సొరంగం చేసిపెడితే కుక్క దాన్ని వెడల్పు చేసుకుని వెళ్లిపోతుంది. అలాంటి బొరియను మట్టితో పూడిస్తే మర్నాటికి మళ్లీ తెరుచుకుంటుంది. గాజుపెంకులు వేస్తారు కొందరు, కుక్క పాదాలు తెగుతాయి. కంకర, సిమెంటు కలిపి పూడ్చాలి.

వాననీరు పోవడానికి ప్రహరీలో వదిలిన తూములు కూడా చూడండి. ఆరంగుళాల తూములోంచి చిన్న కుక్క సులువుగా, కూన ఇంకా సులువుగా దూరుతుంది. రెండంగుళాల సందులతో ఇనుప చువ్వల జాలీ బిగించండి. పూర్తిగా మూసేస్తే మొదటి వానకే పెరడు చెరువవుతుంది.

తవ్వే అలవాటున్న కుక్కకు గోడ వెంబడి రెండడుగుల వెడల్పున షాబాదు బండలో కడప బండలో పరిపించడం అన్నిటికన్నా గట్టి పని. తోట, ఫామ్‌హౌస్ కంచెలకు రాతి కడీలు పాతి చైన్ లింక్ కట్టిన చోట బండలు భారమవుతాయి. అక్కడ రెండడుగుల వెడల్పు మెష్‌ను నేల మీద లోపలి వైపు పరిచి, ఒక అంచు కంచె అడుగుకు అరడుగుకొక ముడితో కట్టి, మీద మూడంగుళాల మట్టి కప్పండి. కుక్క ఎప్పుడూ కంచె మొదట్లోనే తవ్వుతుంది, గోళ్లకు మెష్ తగులుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఊహ దానికి రాదు. కడీ కంచెకు ఇంకో లోపం ఉంది: చైన్ లింక్ కన్నుల్లో కాళ్లు పెట్టి నిచ్చెనలా ఎక్కే కుక్కలున్నాయి. అక్కడ పైవంపు తప్పనిసరి.

గేటు

గోడకు పెట్టిన ఖర్చంతా గేటు దగ్గర వృథా అయ్యే ఇళ్లే ఎక్కువ. మన గేట్ల కింద ర్యాంపు వాలు వల్ల సందు ఒక చివర రెండంగుళాలుంటే ఇంకో చివర ఆరుంటుంది. పెద్ద సందు దగ్గరే కొలవండి. తల పట్టిందంటే మిగతా ఒళ్లు పట్టినట్టే. అడుగున 40 మి.మీ. ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించి, దానికి పాత కన్వేయర్ బెల్టు రబ్బరు ఆరంగుళాల వెడల్పున నట్లతో బిగిస్తే, వాలు ఎలా ఉన్నా రబ్బరు నేలకు ఆనుకుని గేటు తిరుగుతుంది. చువ్వల మధ్య నాలుగంగుళాలుంటే కింది మూడడుగుల మేర మెష్ గానీ జీఐ షీటు గానీ కొట్టించండి. షీటుతో ఇంకో లాభం: వీధిలో పోయే కుక్క, బండి కనిపించవు. కనిపించనిదాని కోసం అరుపులు, ఎగరడాలు తగ్గుతాయి. షీటు వద్దనుకుంటే వెదురు తడిక కట్టినా పని జరుగుతుంది.

రెండు రెక్కల గేటు కీలు కొంతకాలానికి కుంగి మధ్యలో సందు పెరుగుతుంది. కుక్క ముక్కు దూర్చి తోస్తే నిలువు గడియ నేల రంధ్రంలోంచి లేచిపోతుంది. ఆ రంధ్రం మూడంగుళాల లోతు ఉండాలి, అందులో మట్టి పేరుకోకూడదు. పక్కనున్న చిన్న గేటుకు మనం పెట్టే అడ్డ గొళ్లెం ముక్కుతో ఎత్తడం తెలివైన కుక్కకు ఒక్కపూట పని. గొళ్లెం రంధ్రంలో స్ప్రింగు కొక్కెం ఒకటి తగిలించండి.

అన్నిటికన్నా పని చేసేది లోపల రెండో గేటు. చిన్న గేటు వెనక నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవున, ఐదడుగుల ఎత్తు మెష్ ఫ్రేముతో ఒక గదిలా చేసి, దానికి తనంతట తాను మూసుకునే స్ప్రింగు తలుపు పెట్టించండి. ఒకటి మూశాకే రెండోది తీయాలి. ఈ లోపలి తలుపు ఇంటి వైపు తెరుచుకోవాలి. కుక్క వీధి వైపు తోసేకొద్దీ అది మూసుకుంటుంది. అవతలికి తెరుచుకునేలా పెట్టించారంటే కుక్కే తోసుకుని వెళ్లిపోతుంది.

మనుషుల సంగతి కూడా చూడాలి. 'కుక్కలున్నవి జాగ్రత్త' బోర్డు వచ్చేవాళ్లను భయపెడుతుంది గానీ గేటు వేయించదు. 'గేటు వేసి, గడియ పెట్టి వెళ్లండి' అని రాయించండి. కాలింగ్ బెల్లు గేటు బయటికి, పాల సంచి గేటు చువ్వకు, పార్సిళ్లకు బయట ఒక పెట్టె. గ్యాస్ బండ వచ్చినా, కారు తీయాల్సి వచ్చినా ముందు కుక్క ఇంట్లోకి, ఆ తర్వాతే పెద్ద గేటు. పిల్లలకు ఈ నియమం నేర్పడం కుక్కకు నేర్పడం కన్నా కష్టమని ముందే తెలిసుండడం మంచిది.

దూసుకుపోయే కుక్కకు గేటు దగ్గర ఆగడం ఇలా నేర్పండి. లీషు కట్టి గేటుకు ఆరడుగుల దూరంలో నిలబెట్టి 'ఆగు' అనండి. మీ చెయ్యి గడియ మీదికి వెళ్లాలి. కుక్క ఒక్క అడుగు ముందుకేసినా చెయ్యి తీసేయండి. కదలకపోతే వెంటనే శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క. అలా నిలబడ్డం వచ్చాక గడియ చప్పుడు, తర్వాత అంగుళం తెరవడం, తర్వాత అడుగు, ఆఖరున బయట ఒక మనిషి నడిచిపోతుండగా. పూటకు ఐదు నిమిషాలు, రోజుకు రెండు పూటలు, రెండు మూడు వారాలు. తొందరపడి మొదటిరోజే గేటు బార్లా తెరిచేవాళ్లే ఇది పనిచేయదంటారు. నేర్చుకున్నాక కూడా రెండో గేటు తీసేయకండి.

మేడ, బాల్కనీ

మూడడుగుల పిట్టగోడ కుక్కను ఆపదు, పైగా అవతల నేల ఎంత లోతులో ఉందో దానికి తెలియదు. కోతిని చూసో, పక్క మేడ మీది పిల్లిని చూసో దూకేస్తుంది. మేడ మీద ఒంటరిగా వదలడమే వద్దు. బాల్కనీకి పావురాల నైలాన్ వల కట్టి ఊరుకోకండి, కొరికేస్తుంది. వెల్డెడ్ మెష్ గానీ గ్రిల్ గానీ ఉండాలి.

ఎవరూ లేని వేళకు జాలీ గది

ప్రహరీ అంతా చేయించే స్తోమత లేకపోతే, లేదా అద్దె ఇల్లైతే, పెరట్లో ఒక మూల 10 అడుగులు, 12 అడుగుల జాలీ గది చాలు. అంగుళం చదరపు పైపు, 16 గేజి, ఫ్రేములుగా చేయించి బోల్టులతో కలిపితే ఇల్లు మారినప్పుడు విప్పి తీసుకుపోవచ్చు. ఎత్తు ఆరడుగులు, పైన కూడా మెష్. దాని మీద షేడ్ నెట్ గానీ తాటాకు గానీ. సిమెంటు రేకు వేస్తే మే నెలలో లోపల పొయ్యే. నేలకు గరుకు షాబాదు, నాలుగడుగులకు అంగుళం వాలు. నున్నటి టైల్సు మీద కుక్క తుంటి కీళ్లు జారి పాడవుతాయి. తలుపు లోపలికి తెరుచుకోవాలి, పైనొకటి, కిందొకటి గడియలు. వెల్డింగ్ చేసిన చోటల్లా ఫైలుతో గీరి నున్నగా చేయించుకోండి.

ఇది రోజుకు కొన్ని గంటలు ఉండే చోటు మాత్రమే. పొద్దున్నుంచి రాత్రిదాకా ఉంచే బోను చేయకండి.

లోపల ఉండాలనిపించేలా

కంచె పోవడాన్ని ఆపుతుంది, పోవాలన్న కోరికను ఆపదు. రోజుకు రెండు నడకలు, ఒక్కోటి ముప్పావుగంట, తెల్లవారుజామున ఒకటి, పొద్దుగూకాక ఒకటి. రోడ్డు మీద చెయ్యి వెనక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. నడకలో సగం సమయం దాన్ని వాసన చూడనివ్వండి. గబగబా లాక్కుపోయిన మూడు కిలోమీటర్ల కన్నా తీరిగ్గా వాసన చూస్తూ నడిచిన ఒక కిలోమీటరుకే కుక్క ఎక్కువ అలుస్తుంది.

తిండి మొత్తం గిన్నెలో వేసి ఇవ్వకండి. సగం పెరట్లో గడ్డి మీద చల్లండి, వెతుక్కుని తింటుంది. బోలు రబ్బరు బొమ్మలో ఉప్పు, పోపు లేని పెరుగన్నం కూరి రాత్రి ఫ్రీజరులో పెట్టి, మీరు ఆఫీసుకు బయల్దేరేటప్పుడు ఇవ్వండి. దాన్ని నాకడంలో తొలి అరగంట గడిచిపోతుంది, పారిపోయే కుక్కలకు ఆ తొలి అరగంటే గండం. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఏ రూపంలోనూ వద్దు, ఉడికించిన ఎముకలు కూడా వద్దు.

తవ్వే కుక్కకు తవ్వే చోటు చూపించండి. గోడకు దూరంగా, చెట్టునీడలో నాలుగడుగుల చదరం, అడుగున్నర లోతు గుంటలో ఇసుక నింపి, అందులో రెండు బొమ్మలు సగం పాతిపెట్టండి. ఎండాకాలంలో దాని మీద నీళ్లు చల్లితే గోడమూల వదిలి ఇక్కడే పడుకుంటుంది. నీళ్లకు స్టీలు గిన్నె ఎండలో వేడెక్కుతుంది, సిమెంటు తొట్టి నయం, రోజూ కడిగి నింపాలి.

తోడు కోసం ఇంకో కుక్కను తెస్తే కుదురుకుంటుందంటారు. పొద్దుపోకో, ఎద కోసమో పోయే కుక్క విషయంలో సాధారణంగా జరిగేది ఒక్కటే: ఇద్దరూ కలిసి పోతారు.

ఎద రోజులు, టపాసుల రోజులు

చిత్తకార్తె కుక్కలన్న మాట ఊరికే పుట్టలేదు. అక్టోబరు నడిమి ఆ పక్షం రోజుల్లో, దానికి అటూ ఇటూ, వీధి ఆడకుక్కలు ఎదకొస్తాయి. కుక్క చూలు దాదాపు 63 రోజులు కాబట్టే చలికాలంలో వీధుల్లో కూనలు కనిపిస్తాయి. ఆ వాసన తగిలిన మగకుక్క తిండి మాని గోడ మీద పడుతుంది. మీది ఆడకుక్కైతే బయటివే గోడ దూకి లోపలికొస్తాయి. ఎద మూడు వారాలు ఉంటుంది, అన్నాళ్లూ ఇంట్లోనే ఉంచాలి. ఆపరేషన్ చేయిస్తే మగకుక్కల్లో తిరుగుడు బాగా తగ్గుతుంది, మర్నాడే కాదు, హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. వయసు ఆరు నెలలు దాటాక, పెద్ద జాతులకు ఇంకా ఆగి. ఎప్పుడన్నది డాక్టరు చెబుతారు. ఏళ్ల తరబడి తిరిగి మరిగిన కుక్కకు ఆపరేషన్ ఒక్కటే చాలదు.

ఆ వెంటనే దీపావళి. అక్టోబరు, నవంబరు నెలలు కలిపి పారిపోయే కాలమనే చెప్పాలి. వినాయక నిమజ్జనం డీజేలు, బోనాల డప్పులు కూడా ఇదే లెక్క. భయపడ్డ కుక్క మామూలు రోజుల్లో ఎన్నడూ దాటని గోడ దాటేస్తుంది. సాయంత్రం నాలుగింటికే నడక ముగించి, ఇంట్లో మధ్యగదిలో కిటికీలు వేసి, పరదాలు దించి, ఫ్యాను, టీవీ పెట్టి ఉంచండి. ఆ రోజుల్లో ఒకటికి తీసుకెళ్లినా కాలరుకు ఒకటి, బాడీ బెల్టుకు ఒకటి, రెండు లీషులుండాలి. మరీ భయపడే కుక్కకు పండగ వారం ముందే డాక్టరుతో మాట్లాడి మందు రాయించుకోండి, మామూలు రోజు ఒకసారి వేసి చూడండి. ఇంట్లోని మనుషుల నిద్రమాత్రలు ఇవ్వొద్దు.

చేయకూడనివి

గొలుసు వేసి గోడ పక్కన కట్టేయడం అన్నిటికన్నా ప్రమాదం. గోడ దూకిన కుక్క గొలుసుకు అవతల వేలాడి ఊపిరాడక చనిపోతుంది. పొట్టి గొలుసుతో, బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరం. ముళ్లతీగ, గోడ మీద గాజుపెంకులు కుక్కను ఆపవు, దూకేటప్పుడు పొట్ట చీల్చుతాయి. ఇంటి కరెంటు కంచెకు కలపడం హత్యాయత్నంతో సమానం, పాలవాడి చెయ్యి పడినా ప్రాణం పోతుంది. షాక్ కాలరు (హద్దు దాటితే మెడకు షాకిచ్చేది) వేసిన కుక్క కోడి వెంటపడ్డ ఊపులో నొప్పి లెక్కచేయకుండా బయటికి దూకుతుంది, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ నొప్పికి జడిసి గేటు బయటే ఉండిపోతుంది.

అయినా తప్పించుకుంటే

వెనక పరిగెత్తకండి, అది ఆటనుకుని ఇంకా ఉరుకుతుంది. పేరు పెట్టి పిలిచి మీరు ఇంటి వైపు పరుగెత్తండి, లేదా పక్కకు తిరిగి నేల మీద కూర్చుని కవరు గలగలలాడించండి. కారంటే ఇష్టమున్న కుక్క తెరిచిన కారు తలుపులోకి దానంతట అదే ఎక్కేస్తుంది. చేతికందాక మెల్లగా కాలరు పట్టుకోండి, మీదపడి పట్టబోతే రెండోసారి దగ్గరికి రాదు.

కనుచూపు దాటిపోతే గేటు తెరిచి పెట్టి, అది పడుకునే గోనెపట్టా గేటు బయట వేసి, ఇంట్లో ఒకరు ఉండాలి. ఫొటో, ఫోన్ నంబరు, కనిపించకుండా పోయిన చోటు కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. 'పట్టుకోకండి, తరమకండి, ఫోన్ చేయండి' అని తప్పక రాయండి. టీ బండివాళ్లకు, పారిశుద్ధ్య సిబ్బందికి, వాచ్‌మన్‌లకు ఫొటో చూపించండి, తెల్లవారుజామున వీధుల్లో ఉండేది వాళ్లే. కాలరు లేకపోతే మున్సిపాలిటీ బండివాళ్ల కళ్లకు అది వీధికుక్కే, కాబట్టి వాళ్ల షెల్టరులో కూడా అడగాలి. భయపడి పారిపోయిన కుక్క పగలు ఎక్కడో నక్కి ఉంటుంది. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య, వీధులు సద్దుమణిగాక వెతకండి.

ఎవరినైనా కరిచిందని తెలిస్తే దాచకండి. కరిపించుకున్నవాళ్లు గాయాన్ని పావుగంట సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీ కుక్క టీకా కార్డు వాళ్లకు చూపించండి.

ఇంటికొచ్చిన కుక్కను కొట్టొద్దు, తిట్టొద్దు. దాని లెక్కలో ఆ దెబ్బ పారిపోయినందుకు కాదు, తిరిగొచ్చినందుకు. నీళ్లిచ్చి, మెడ, కాళ్లు, తోక మొదలు, చంకలు వేళ్లతో వెంట్రుకలు విడదీసి చూడండి. వీధికుక్క పంటిగాటు పైకి చిన్న చుక్కలా ఉండి లోపల లోతుగా ఉంటుంది. గాటు కనిపిస్తే కడిగి, రేబిస్ టీకా ఏటేటా వేయిస్తున్నా సరే, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ పని అయ్యాక వీడియో చూసి, ఏ సందున పోయిందో కనిపెట్టి, అది మూసేదాకా మళ్లీ లీషు మీదే పెరట్లోకి.